తెలివైనవాళ్ళందరినీ ఒకే టీమ్‌లో పెడితే ఏమైంది?

ఈ రోజు ఒక చిన్న పజిల్‌తో మొదలుపెడదాం.

మీ కాలేజీలో హ్యాకథాన్ జరుగుతోంది అనుకోండి. టీమ్‌కి ఆరుగురు. ఎవరు కావాలంటే వాళ్ళని తీసుకునే ఛాన్స్ మీకే ఇచ్చారు. మీరేం చేస్తారు? క్లాసులో మొదటి ఆరు ర్యాంకుల వాళ్ళని ఏరుకుంటారు. నేనైనా అదే చేస్తాను. ఎవరైనా ముందు చేసేది అదే.

సరిగ్గా ఇదే పని ఇంగ్లండ్‌లో ఒకాయన చేసి చూశాడు. ఒకసారి కాదు, 25 సార్లు. బాగా తెలివైనవాళ్ళని ఏరి కట్టిన ఆ 25 టీముల్లో గెలిచినవి ఎన్నో తెలుసా? మూడంటే మూడే.

ఆయన పేరు మెరెడిత్ బెల్బిన్. ఆ ప్రయోగం సంగతి వివరంగా చెప్తాను. కానీ దాని దగ్గరికి వెళ్ళేముందు ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎందుకంటే ఇవాళ మీరు ఉద్యోగానికి అప్లై చేస్తే స్క్రీన్ మీద వచ్చే ప్రశ్నలున్నాయి చూడండి, "నలుగురిలో ఉంటే మీకు హుషారా, అలసటా?" లాంటివి, వాటికి వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రెండు దారులున్నాయి. ఒకటి ఏరివేత దారి, అంటే ఎవరిని బయట పెట్టాలో చూసేది. రెండోది కూర్పు దారి, అంటే ఎవరి పక్కన ఎవరుంటే పని అవుతుందో చూసేది. ఉన్న పరీక్ష ఒకటే కావచ్చు. ఏ దారిలో వాడుతున్నారన్నదే అసలు ప్రశ్న.

మొదట వచ్చింది ఏరివేత.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. అప్పటికే యూరప్‌లో ఒక కొత్త సమస్య కనిపిస్తోంది. ఒంటి మీద గాయం లేదు, కానీ సైనికుడు వణికిపోతున్నాడు, నిద్రపోలేకపోతున్నాడు, కొందరికైతే మాట కూడా పడిపోతోంది. దానికి షెల్ షాక్ అని పేరు పెట్టారు. ఇలా తట్టుకోలేనివాళ్ళని యుద్ధానికి పంపకముందే కనిపెట్టగలమా అని అమెరికా సైన్యం అడిగింది. కొలంబియా యూనివర్సిటీ సైకాలజిస్టు రాబర్ట్ వుడ్‌వర్త్ దానికోసం ఒక ప్రశ్నల కాగితం తయారుచేశాడు. మొత్తం 116 ప్రశ్నలు. అన్నిటికీ అవును, కాదు అనే జవాబే. నిద్ర సరిగ్గా పడుతుందా లాంటి ప్రశ్నలన్నమాట.

ఆ కాగితం పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చేలోపే, 1918 నవంబరులో యుద్ధం ముగిసిపోయింది. కానీ ఐడియా మాత్రం పోలేదు. ఒక్కొక్కరితో డాక్టరు గంటసేపు కూర్చుని మాట్లాడటం కంటే వెయ్యిమందికి ఒకేసారి కాగితం పంచడం చవక కదా. అందుకని యుద్ధం కోసం పుట్టిన పద్ధతి మెల్లగా ఫ్యాక్టరీల గేటు దగ్గరికి వచ్చింది.

ఇక రెండో పాత్ర. ఇన్‌స్టా బయోల్లో నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెట్టుకుంటారు చూడండి, ఐఎన్ఎఫ్‌జే, ఈఎన్‌టీపీ అని. దాని వెనక ఉన్నది ఒక తల్లీ కూతుళ్ళ జంట. తల్లి కేథరిన్ బ్రిగ్స్. కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్. స్విట్జర్లాండ్ సైకాలజిస్టు కార్ల్ యుంగ్ మనస్తత్వ రకాల మీద 1921లో రాసిన పుస్తకం 1923లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. కేథరిన్ దాన్ని పట్టుకుని వదల్లేదు. కూతురు ఇసబెల్ చదివింది రాజనీతి శాస్త్రం. డిటెక్టివ్ నవల కూడా రాసింది. సైకాలజీలో డిగ్రీ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక మగవాళ్ళు సైన్యానికి వెళ్ళారు. ఎప్పుడూ బయట ఉద్యోగం చేయని ఆడవాళ్ళు లక్షల్లో ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ వచ్చారు. ఎవరి స్వభావానికి ఏ పని నప్పుతుందో తెలిస్తే వాళ్ళకి మేలు కదా అని ఇసబెల్ ఆలోచించింది. 1940ల మొదట్లో ఆ పరీక్ష రాయడం మొదలుపెట్టింది. 16 రకాల మనుషులు, ఏ రకమూ చెడ్డది కాదు అన్నది ఆమె నమ్మకం. ఉద్దేశం మంచిదే.

కానీ ఇందులో ఒక చిక్కుంది. మనుషుల ఎత్తు తీసుకోండి. అయిదడుగుల అయిదంగుళాల దగ్గర ఒక గీత గీసి, పైనున్న వాళ్ళంతా పొడుగు, కిందున్న వాళ్ళంతా పొట్టి అన్నామనుకోండి. చాలామంది ఆ గీత దగ్గరలోనే ఉంటారు కదా. అరంగుళం తేడాతో ఒకడు పొడుగు, ఇంకొకడు పొట్టి అయిపోతాడు. ఇంట్రావర్ట్, ఎక్స్‌ట్రావర్ట్ లెక్క కూడా అంతే. ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. అందుకే కొన్ని వారాలు ఆగి మళ్ళీ ఆ పరీక్ష రాస్తే చాలామందికి నాలుగక్షరాల్లో ఒకటైనా మారిపోతుంది. ఇంకో మాట. ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి దీన్ని వాడకూడదని ఈ పరీక్షని నడిపేవాళ్ళే స్పష్టంగా చెబుతారు.

ఇది చిన్న విషయం కాదు. నాకు తెలిసిన ఒక కుర్రాడున్నాడు. కోడింగ్ బాగా వచ్చు. ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్షలో కోడింగ్ రౌండ్ దాటాడు. పర్సనాలిటీ రౌండ్‌లో ఆగిపోయాడు. ఎందుకు ఆగిపోయాడో ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది. కానీ ఆ తర్వాత వాడు, "నేను నలుగురితో కలిసేవాణ్ణి కాదన్నా, నాకు టీమ్ పని పడదు" అనడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాల పరీక్ష ఇచ్చిన మాటని తన పేరులాగా తగిలించుకున్నాడు. నన్ను భయపెట్టేది ఇదే.

1950ల అమెరికాలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. పెద్ద కంపెనీలు మేనేజర్ల దగ్గర్నుంచి గుమస్తాల దాకా పర్సనాలిటీ పరీక్షలు పెట్టేవి. ఫార్చ్యూన్ పత్రికలో పనిచేసిన విలియం వైట్ 1956లో 'ది ఆర్గనైజేషన్ మ్యాన్' అని ఒక పుస్తకం రాశాడు. దాని చివర ఒక అనుబంధం పెట్టాడు. దేని గురించి అనుకుంటున్నారు? పర్సనాలిటీ పరీక్షల్లో మోసం చేయడం ఎలా అని! జోక్ కాదు, నిజం. మీ సొంత గొంతు దాచేసి, సగటు మనిషి ఏం చెప్తాడో అదే చెప్పండి అన్నది ఆ సలహాల సారాంశం. ఆయన కోపం ఏంటంటే, ఈ జల్లెడలో పడి కొత్తగా ఆలోచించేవాళ్ళు బయటికి పోతారు, లోపల అందరూ ఒకే అచ్చులో పోసినట్టు మిగులుతారు అని.

సరే. అందరూ ఒకే అచ్చులో ఉంటే ఏమవుతుందో నిజంగా కొలిచి చూసినవాళ్ళు ఉన్నారా? ఉన్నారు. ఇప్పుడు బెల్బిన్ దగ్గరికి వచ్చేద్దాం.

ఇంగ్లండ్‌లో థేమ్స్ నది ఒడ్డున హెన్లీ అని ఒక ఊరుంది. అక్కడ మేనేజర్లకి శిక్షణ ఇచ్చే కాలేజీ ఒకటి ఉండేది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మేనేజర్లు అక్కడికి వచ్చి కొన్ని వారాలు ఉండేవాళ్ళు. కోర్సులో భాగంగా ఒక బిజినెస్ గేమ్ ఆడేవాళ్ళు. ఒక్కో టీమ్ ఒక్కో కంపెనీ. నిర్ణయాలు తీసుకోవాలి, డబ్బు సంపాదించాలి. చివర్లో ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు. అంటే ఏ టీమ్ బాగా చేసిందో వాదించే పని లేదు, లెక్కే చెప్తుంది.

బెల్బిన్‌కి కావలసింది అదే. ఆయనతో పాటు ఇంకో ముగ్గురు కలిశారు. బిల్ హార్ట్‌స్టన్ గణితం తెలిసినవాడు, చెస్ ఆటగాడు కూడా. జీన్ ఫిషర్ ఆంత్రోపాలజిస్టు. రోజర్ మాట్రమ్ పని మనస్తత్వం చదివినవాడు. గమనించారా, వీళ్ళ నలుగురూ కూడా నాలుగు రకాలు! వచ్చిన మేనేజర్లకి ముందు పరీక్షలు పెట్టారు. ఒకటి ఆలోచనా శక్తికి, ఇంకోటి స్వభావానికి. వాటిని బట్టి టీములు రకరకాలుగా కట్టారు. ఆట జరుగుతుంటే పరిశీలకులు పక్కన కూర్చుని, ఎవరు ప్రశ్న అడిగారు, ఎవరు కొత్త ప్రతిపాదన పెట్టారు, ఎవరు కొట్టిపారేశారు అని అర నిమిషానికోసారి రాసుకున్నారు. ఒక రోజు, రెండు రోజులు కాదు, తొమ్మిదేళ్ళ పాటు ఈ పని నడిచింది.

ఆలోచనా పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళందరినీ కలిపి కట్టిన టీములకి అపోలో అని పేరు పెట్టారు. చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన అమెరికా ప్రాజెక్టు పేరది. ఇంతమంది మేధావులు ఒక చోట చేరితే గెలుపు వాళ్ళదే కదా అనుకున్నారు. ఫలితం నేను ముందే చెప్పాను. 25లో 3. ఎనిమిది టీములు పోటీ పడితే అపోలో వాళ్ళకి ఎక్కువసార్లు దక్కింది ఆరో స్థానం.

ఎందుకిలా? ప్రతివాడూ తన ఆలోచనే గొప్పదని మిగతావాళ్ళని ఒప్పించడానికి టైమంతా ఖర్చుపెట్టాడు. పక్కవాడి ప్లాన్‌లో తప్పు పట్టుకోవడం అందరికీ బాగా వచ్చు. కాబట్టి ఏ ప్లానూ నిలబడలేదు. నిర్ణయాలు ఒకదానికొకటి అతకలేదు. అవసరమైన చిన్న చిన్న పనులు ఎవరూ పట్టించుకోలేదు. ఆఖరికి ఓడిపోయాక ఒకరినొకరు అనుకున్నారు. మన పెద్దవాళ్ళు ఈ ప్రయోగం చేయకుండానే చెప్పేశారు కదా, అందరూ పల్లకీ ఎక్కితే మోసేవారెవరు అని!

మరి గెలిచిన టీముల్లో ఏముంది? రకరకాల మనుషులున్నారు. బెల్బిన్ బృందం మొదట ఎనిమిది పాత్రల్ని గుర్తించింది. తర్వాత స్పెషలిస్ట్ అని తొమ్మిదోది కలిపారు. ఈ పేర్లన్నీ చదివితే నిద్రొస్తుంది. అందుకని మనింట్లో పెళ్ళి జరుగుతోందనుకుని చూద్దాం.

మండపం ఇలా కాదు, కొత్తగా అలా పెడదాం అని ఎవరికీ తట్టని ఐడియా ఇచ్చే బాబాయి ఒకడుంటాడు. ఆయన ప్లాంట్. ఇలాంటివాళ్ళని టీముకొకరు చొప్పున మొక్క నాటినట్టు పెట్టి చూశారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఏ సామాను కావాలన్నా "నాకు తెలిసినవాడున్నాడు" అని ఫోన్ తీసే మావయ్య రిసోర్స్ ఇన్వెస్టిగేటర్. ఎవరికి ఏ పని అప్పగించాలో తెలిసిన పెదనాన్న కోఆర్డినేటర్. "ఇంకా కూర్చున్నారేంట్రా, లేవండి" అని అందరినీ పరుగెత్తించే అత్తయ్య షేపర్. "ఆగండి, దీనికి ఎంతవుతుంది?" అని అడిగి, నిదానంగా తూకం వేసే తాతయ్య మానిటర్ ఇవాల్యుయేటర్. చెప్పిన పని చెప్పినట్టు చేసేసే అన్నయ్య ఇంప్లిమెంటర్. వియ్యాలవారి అలకలు తీర్చి అందరినీ కలిపి ఉంచే పిన్ని టీమ్ వర్కర్. అర్ధరాత్రి కూడా లిస్టు పట్టుకుని మంగళసూత్రాలు ఎక్కడున్నాయో మూడోసారి చూసుకునే అమ్మ కంప్లీటర్ ఫినిషర్. శాస్త్రం మొత్తం తెలిసిన పురోహితుడు స్పెషలిస్ట్.

ఇప్పుడు ఆ ఇంట్లో తొమ్మిది మందీ బాబాయిలే ఉంటే? పెళ్ళి కొత్తగా ఉంటుంది, తాళి మాత్రం ఇంట్లో మర్చిపోతారు.

బెల్బిన్ చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. ప్రతి పాత్రకీ ఒక లోపం ఉంటుంది, ఆ లోపాన్ని కొంతవరకు భరించాలి అంటాడు. ఐడియాలిచ్చేవాడు చిన్న వివరాలు మర్చిపోతాడు. పరుగెత్తించేవాళ్ళు మనసు నొప్పిస్తారు. తూకం వేసేవాడు నెమ్మదిగా ఉంటాడు. అన్నీ సరిచూసుకునేవాళ్ళు అతిగా కంగారుపడతారు. ఆ బలం కావాలంటే ఈ బలహీనత కూడా వెంట వస్తుంది. ఏ ఒక్కరిలోనూ అన్నీ ఉండవు కాబట్టే టీమ్ కావాలి. 1981లో ఆయన ఈ పరిశోధనంతా పుస్తకంగా వేశాడు.

ఇందాక చెప్పిన కుర్రాడి సంగతి ఇక్కడ ఆలోచించండి. ఏరివేత దారిలో వాడు తక్కువ మాట్లాడేవాడు, కాబట్టి బయటికి. కూర్పు దారిలో వాడు తూకం వేసేవాడో, చివరి తప్పు పట్టుకునేవాడో. అపోలో టీముల్లో చిన్న పనులు ఎవరూ పట్టించుకోలేదని చెప్పుకున్నాం కదా. అక్కడ కావలసింది ఇలాంటివాళ్ళే. మనిషి అదే, స్వభావం అదే. అడిగిన ప్రశ్న మారితే విలువ మారిపోయింది.

అలాగని బెల్బిన్ పద్ధతికి లోపాల్లేవని కాదు. తన పాత్ర తనే తేల్చుకునేలా పుస్తకంలో ఇచ్చిన ప్రశ్నావళిని ఏడ్రియన్ ఫర్న్‌హామ్, ఇంకొందరు 1993లో పరీక్షించారు. కొలతగా చూస్తే అది అంత గట్టిది కాదని తేల్చారు. బెల్బిన్ దానికి సమాధానం ఇచ్చాడు. తర్వాత ఆయన పద్ధతిలో ఒక విషయానికి బరువు పెరిగింది. మీ గురించి మీరు చెప్పేది ఒక్కటే చాలదు, మీతో పనిచేసినవాళ్ళు ఏం చెప్తారో కూడా కలపాలి అని. నాకైతే ఇది చాలా సబబుగా అనిపిస్తుంది. మన వీపు మనకి కనిపించదు కదా.

ఇప్పుడు మీకొక డౌట్ రావాలి. ఒకసారి ప్రొఫైల్ వచ్చిందంటే జీవితాంతం అంతేనా? ఈ ప్రశ్నకి హెన్లీ కంటే ముందే ఒక ఊళ్ళో జవాబు వెతికారు. ఆ ఊరు ఏదో కాదు, మన కాకినాడ!

హార్వర్డ్ యూనివర్సిటీలో డేవిడ్ మెక్లెలాండ్ అని ఒక సైకాలజిస్టు ఉండేవాడు. ఏదైనా సాధించాలనే తపన మనిషిలో ఎంతుందో కొలవచ్చు అనేవాడు. ఎలా? బొమ్మలు చూపించి, వాటి మీద కథ రాయమనేవాడు. ఆ కథల్లో సాధన గురించిన ఆలోచనలు ఎన్నున్నాయో లెక్కపెట్టేవాడు. ఈ తపన పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోతుందా, పెద్దయ్యాక కూడా పెంచవచ్చా అన్నది ఆయన ప్రశ్న. 1964లో కాకినాడలోని చిన్న వ్యాపారుల్ని హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి పిలిపించి శిక్షణ ఇచ్చారు. అప్పట్లో దాన్ని సియెట్ అనేవాళ్ళు. ఇప్పుడు యూసఫ్‌గూడలో ఉన్న ని-ఎంఎస్ఎంఈ అదే. పోల్చి చూడటానికి శిక్షణ లేని ఊరిగా రాజమండ్రిని తీసుకున్నారు.

తర్వాతి సంవత్సరాల్లో చూస్తే, శిక్షణ పొందిన వ్యాపారులు పొందనివాళ్ళ కంటే చురుగ్గా కదిలారు. కొత్త పెట్టుబడులు పెట్టారు, కొత్త పనులు మొదలుపెట్టారు. 1969లో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి దీన్ని పుస్తకంగా రాశారు. అంటే ప్రొఫైల్ అనేది జాతకం కాదు ఫ్రెండ్స్. ఆ రోజు దిగిన సెల్ఫీ. ఆ రోజు మీరు అలా ఉన్నారు, అంతే.

చివరి మజిలీ గూగుల్. 2012లో వాళ్ళు ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అని ఒక అధ్యయనం మొదలుపెట్టారు. తమ కంపెనీలోనే 180 టీముల్ని చూశారు. ఎలాంటి మనుషుల్ని కలిపితే బెస్ట్ టీమ్ వస్తుందో ఫార్ములా దొరుకుతుందనుకున్నారు. దొరకలేదు. టీమ్‌లో ఎవరున్నారన్న దానికంటే వాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటున్నారన్నదే ఎక్కువ తేడా చూపించింది. అన్నిటికంటే ముఖ్యమైనది ఏంటంటే, "నాకిది అర్థం కాలేదు" అనో, "ఇక్కడ తప్పు జరుగుతోంది" అనో భయం లేకుండా చెప్పగలగడం. ఈ విషయం మీద హార్వర్డ్‌లో ఏమీ ఎడ్మండ్‌సన్ 1999లోనే పరిశోధన ప్రచురించింది.

ఇది బెల్బిన్‌ని కొట్టిపారేసినట్టా? నాకలా అనిపించదు. తూకం వేసే తాతయ్య ఇంట్లో ఉండటం ఒక ఎత్తు, ఆయన "ఆగండి" అన్నప్పుడు మిగతావాళ్ళు ఆగడం ఇంకో ఎత్తు. కూర్పు సరిగ్గా ఉన్నా, మాట చెల్లకపోతే ఆ మనిషి ఉన్నా లేనట్టే.

మరి వచ్చే ప్రాజెక్టుకి మీరేం చేయొచ్చు? ర్యాంకుల లిస్టు తీసే ముందు పనుల లిస్టు రాయండి. ఐడియా ఎవరిస్తారు, బయటివాళ్ళతో ఎవరు మాట్లాడతారు, చివర్లో తప్పులు ఎవరు చూస్తారు? ఏ పని దగ్గర పేరు లేదో అక్కడ మనిషి కావాలి. తొమ్మిది పాత్రలకి తొమ్మిది మంది అక్కర్లేదు, ఒక్కరే రెండు మూడు మోయగలరు. మీ పాత్ర ఏంటో మీరొక్కరే తేల్చుకోకుండా, మీతో పనిచేసిన ముగ్గురు నలుగురిని అడగండి. మాట్లాడనివాళ్ళని పేరు పెట్టి "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి. ఇంకోటి, "నేను ఐడియాల మనిషిని, రిపోర్టు రాయడం నా టైప్ కాదు" అని తప్పించుకునేవాణ్ణి వదలొద్దు. ప్రొఫైల్ బద్ధకానికి మెడికల్ సర్టిఫికెట్ కాదు.

రేపు మీలో చాలామంది టీమ్ లీడ్లవుతారు, కొందరు కంపెనీలు పెడతారు. అప్పుడు ఈ ప్రొఫైళ్ళు మీ టేబుల్ మీదకి వస్తాయి. వాటిని చూసి "వీళ్ళలో ఎవరిని తీసేద్దాం" అని అడగొచ్చు, "మా టీమ్‌లో ఎవరు లేరు" అని కూడా అడగొచ్చు. మొదటి ప్రశ్న అడిగినవాళ్ళకి తమలాంటివాళ్ళే మిగులుతారు. అపోలో టీముల కథ అక్కడే మొదలవుతుంది.

మీ టీమ్‌లో ఎప్పుడూ ఖాళీగా ఉండే కుర్చీ ఏది? కింద కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.